ఐతారం మంద

మా ఊళ్ళో ఆదివారం వచ్చిందని తెలియడానికి ఎవరికీ పంచాంగం అవసరం ఉండేది కాదు. పొద్దున్నే మా దొడ్డిలో గొర్రెలు అరవడం మొదలుపెడితే "ఇయ్యాల ఐతారం" అనుకుంటూ ఊరు లేచేది. ఆ అరుపు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. చిట్యాల సంతకు పోయేవాళ్ళు మా వాకిట్లో నిలబడి, "సోమమ్మా, మీ దేవునికి చెవులు లేవా ఏంది?" అని మా అమ్మను ఎగతాళి చేసేవాళ్ళు. అమ్మ తలుపు దగ్గరగా వేసి ప్రార్థన కూటానికి బయలుదేరేది.

గొర్రెలు కాసే కురుమ ఇంట్లో పుట్టి ఆదివారం మంద తోలకపోవడం ఏమిటని మీకు అనిపిస్తుంది. ఊరికీ అనిపించింది. ఆ సంగతి ముందే చెప్పకపోతే మావాళ్ళు వట్టి తెలివితక్కువవాళ్ళని అనుకుంటారు, అది నాకు నచ్చదు.

దొరల కాలంలో మా బాపు అంజన్నకు తనదంటూ ఒక్క దినం ఉండేది కాదు. దొర ఉండే గడీ నుంచి మనిషి ఎప్పుడు వస్తే అప్పుడు పోవాలి. దొర ఇంట్లో పండుగైతే పొట్టేలు ఊరికే ఇవ్వాలి, చలికాలం వస్తే గొంగడి ఊరికే నేసి ఇవ్వాలి. ఆ రోజుల్లో కొత్తకోట దిక్కు నుంచి గుర్వయ్య అనే ఆయన వచ్చి, మా ఊరి చివర గుడిసెలో కూటం పెట్టాడు. అందరం ఆయన్ని అయ్యగారు అనేవాళ్ళం. ఏడు దినాల్లో ఒకటి దేవుడిదని, ఆ దినాన మనిషి చేత పని చేయించే హక్కు ఏ దొరకూ లేదని ఆయన చెప్పాడు. ఆ ఒక్క మాటతో మా బాపు ఆయన వెంట పోయాడు. తరువాతి ఆదివారం గడీ మనిషి వచ్చి పిలిస్తే, "ఇయ్యాల రాను, రేపొస్త" అన్నాడు. దెబ్బలు తిన్నాడు. ఆ పై ఆదివారం మళ్ళీ అదే మాట అన్నాడు, మళ్ళీ తిన్నాడు. కొన్నాళ్ళకు దొర హైదరాబాదు పారిపోయాడు, కాలమే మారిపోయింది. కాని మా బాపు దృష్టిలో ఆయన్ని మనిషిని చేసింది ఆదివారమే. బతికినన్నాళ్ళు ఆ రోజు చేతికర్ర ముట్టుకోలేదు.

ఆయనకు విశ్రాంతి దొరికింది, సంతోషమే. గొర్రెల సంగతి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. కూటంలో మంద ఉన్న ఇల్లు మాదొక్కటే. అయ్యగారిని అడిగితే, ఆ రోజు పశువులకు కూడా విశ్రాంతే అన్నాడు. అంటే దొడ్డికి అడ్డం పెట్టిన ముళ్ళకంప తీయకూడదు. శనివారమే కొమ్మలు కొట్టి వేసి, తొట్టినిండా నీళ్ళు పోసి పెట్టేవాళ్ళం. మేకలైతే కొమ్మలు నమిలి పడుకుంటాయి. గొర్రె అట్లా కాదు. దానికి నేల మీది గడ్డి కావాలి, నలుగురితో కలిసి నడవాలి.

గుర్వయ్యగారు దొంగ అయివుంటే నా పని తేలికయ్యేది. ఆయన దొంగ కాదు. ఆదివారం మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. ఆడపిల్లకు చదువెందుకని అందరూ నవ్వుతుంటే, నా వేలు పట్టి ఇసుకలో అక్షరాలు దిద్దించిన మనిషి ఆయన. మా ఇంట్లో బైబిలు చదవగలిగింది నేనొక్కదాన్నే. అయితే ఆ చేత్తోనే ఆయన ఏడాదికొక వద్దు తెచ్చి మా మీద పెట్టేవాడు. బొట్టు వద్దు, మా కులదేవుడు బీరప్ప కథ వినొద్దు, బయటివాళ్ళ పెళ్ళికి పోవద్దు. అవన్నీ నేను సహించాను. గొర్రెల అరుపు మాత్రం సహించలేకపోయేదాన్ని.

బాపు పోయిన మరుసటి ఏడాది, పంతొమ్మిది వందల యాభై ఏడు ఎండాకాలం. శనివారం పొద్దుగూకాక తొట్టికి పగులు పడి నీళ్ళన్నీ ఇంకిపోయాయి. మేము చూసేసరికి ఆదివారం తెల్లారింది. నీళ్ళు తోడితే పని చేసినట్టు. అమ్మ నా చెయ్యి పట్టుకుని కూటానికి లాక్కుపోయింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మంద కంపను తోసుకుని బయటపడింది. కూటం గుడిసె పక్కన పాడుబడ్డ మోటబావి ఉంది, అడుగున బురద తప్ప ఏమీ లేదు. తడి వాసనకు అన్నీ అటే పరుగెత్తాయి. బొల్లి అని మొహం తెల్లగా ఉండే సూడి గొర్రె ఒకటి బావిలో పడింది.

ఆ అరుపు లోపల అందరికీ వినబడుతోంది. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. ఆయన గొంతు పెంచాడు. బొల్లి గొంతు తగ్గుతూ వచ్చింది. నేను లేచాను.

"కూసో జానమ్మా," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"గొర్రె వడ్డదయ్యగారూ."

"దేవుడు సూస్తడు. కూసో."

"దేవుడు సూస్తాండనే దిగుతున్న," అని బయటికి వచ్చేశాను.

బయట వేపచెట్టు కింద నా పెనిమిటి ఎల్లేశం పడుకుని ఉన్నాడు. మా ఇంటికి ఇల్లరికం వచ్చిన మనిషి. బాప్తిస్మం తీసుకోమంటే, "నీళ్ళల్ల మునిగితే నాకు సర్దయితది" అని ఏళ్ళ తరబడి తప్పించుకున్నాడు. నన్ను చూడగానే ఏమీ అడగకుండా తాడు తెచ్చాడు. బావిలో పడ్డ గొర్రెను మెడకు తాడేసి గుంజితే చస్తుంది. మనిషే దిగాలి, కడుపు కింద చేతులు వేసి ఎత్తుకోవాలి. తాడు నా నడుముకు కట్టుకుని, విరిగిన మెట్ల మీదుగా దిగాను. బొల్లిని భుజాల మీదికి ఎత్తుకుంటే దాని గుండె నా మెడ దగ్గర కొట్టుకుంది. ఎల్లేశం పైనుంచి పట్టి లాగాడు. ఒళ్ళంతా బురదతో పైకి వచ్చి చూస్తే, కూటం గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి లోపలికి పోయింది.

దీపాలు పెట్టాక నన్ను పిలిచారు.

"పదిమందిల తప్పు ఒప్పుకో బిడ్డా," అన్నాడు అయ్యగారు. కోపంగా కాదు, బతిమాలినట్టే అన్నాడు.

"తప్పయితే ఒప్పుకుందును."

అంతే. నన్ను వెలి వేశారు. ఒప్పుకునేదాకా విశ్వాసులెవరూ నాతో కలిసి తినకూడదు. అమ్మ ఆ పదిమందిలోనే కూర్చుని ఉంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నేల వైపు చూసింది.

కలిసి తినకపోతే కొంపలు మునుగుతాయా అని మీరనవచ్చు. ఒక్క పూట చూడండి. ఒకటే పొయ్యి, ఒకటే కుండ. అమ్మ నాకు జొన్న గటక పెట్టి, తొక్కు వేసి, తన గిన్నె తీసుకుని గోడ అవతలికి పోయి, అటు తిరిగి కూర్చునేది. ఆమె నమలడం నాకు వినపడేది. ముందైతే నేను వండిన ప్రతిదానికీ వంక పెట్టేది. ఉప్పెక్కువ, కారమెక్కువ, ఉడకలేదు. వెలి పడ్డాక ఒక్క వంక కూడా పెట్టలేదు. ఆ మౌనమే నన్ను ఇంట్లోంచి తరిమింది.

బొల్లి ఈని, పిల్ల లేచి నిలబడ్డాక నేను, ఎల్లేశం నందికొండకు పోయాము. కృష్ణకు ఆనకట్ట కడుతున్నారు, పనికి కరువు లేదు. బయలుదేరే రోజు అమ్మ నా మూటలో బైబిలు పెట్టింది.

"ఇంట్ల ఉండి ఏం లాభం? సదివేదానివి నువ్వే," అంది.

నందికొండలో తాపీవాళ్ళకు సున్నం, సిమెంటు కలిపిన మాలు తట్టలతో అందించే పని నాది. అక్కడ ఎవరూ ఎవరినీ దేవుడి గురించి అడగరు. బొట్టు పెట్టుకోవచ్చు, పాట పాడవచ్చు. హాయిగా ఉండాలి కదా? ఆదివారం వస్తే నా చేతులు ఏం చేయాలో తెలియక ఊరికే గిన్నెలు తోమినవే తోమేదాన్ని. గుర్వయ్యగారిని వదిలి వచ్చాను కాని, ఆయన ఆదివారం నా వెంటే వచ్చింది.

చివరికి ఒకరోజు ఆ పుస్తకం తెరిచాను. భక్తితో కాదు, కోపంతో. దాహంతో ఉన్న మందను కట్టేయమని ఎక్కడ రాసి ఉందో చూడాలి, ఆ మాట మీద వేలు పెట్టి ఆ పుస్తకాన్నే తిట్టాలి. పనినుంచి వచ్చి, అన్నం ఉడికేంతసేపు చదివేదాన్ని. దొరికింది కూడా. ఎవరో ఒకడు విశ్రాంతి దినాన కట్టెపుల్లలు ఏరుకున్నాడట. దేవుడు చెప్పాడని అందరూ కలిసి వాడిని రాళ్ళతో కొట్టి చంపారట. మళ్ళీ చదివాను. అలాగే ఉంది.

"గట్లయితే గుర్వయ్యే నయం. నిన్ను రాళ్ళతోటి కొట్టలే," అన్నాడు ఎల్లేశం. "గా బుక్కును కృష్ణల ఇసిరెయ్యి. మా బీరప్ప కాడికి రా. ఆయన గొర్లు కాసినోడు, ఆయనకు ఐతారం లేదు, సోమారం లేదు."

విసిరేద్దామనే పుస్తకం చంకలో పెట్టుకుని రేవు దాకా పోయాను. చేతులు రాలేదు. నమ్మకం ఉండి కాదు. దీని మాట పట్టుకునే కదా మా బాపు దొరకు ఎదురు నిలిచాడు అనిపించింది. మా బాపును నిలబెట్టిన పుస్తకం మా అమ్మను నాకు కాకుండా చేసింది. దాన్ని ఏమనాలో తెలియక తిరిగి తెచ్చి పెట్టెలో పడేశాను. చాలా నెలలు ముట్టలేదు.

మళ్ళీ తెరిచింది అరవైలో, ఊరికే. ఈసారి వెనక భాగం చదువుతున్నాను, ఏసు కథ. విశ్రాంతి దినాన చెయ్యి ఎండిపోయిన మనిషి ఒకడు ఎదురుపడతాడు. వాడిని బాగుచేస్తే తప్పు పట్టాలని పెద్దలంతా కాచుకుని ఉంటారు. అప్పుడు ఆయన వాళ్ళను ఒక మాట అడుగుతాడు. మీలో ఎవరికైనా ఒక్క గొర్రె ఉండి, ఈ దినాన గుంటలో పడితే, దాన్ని పట్టుకుని పైకి తీయరా అని.

నేను ఏడ్చాను. అన్నం మాడిపోయింది. ఎల్లేశం మాడు అన్నం తింటూ ఏమైందని అడిగితే చదివి వినిపించాను. నమలడం ఆపి విన్నాడు.

"నీ సంగతే రాసిండ్రు గదనే. మరి గుర్వయ్యకు తెల్వదా?"

"గదే అడగనీకె పోత," అన్నాను.

గుర్వయ్యను కాదు, అమ్మను చూడాలని నాకు. ఈ మాట వినిపిస్తే అమ్మ వెంటనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తింటుందని నా ఆశ. శనివారం జొన్నరొట్టెలు చేసి, మిరపకాయ తొక్కు నూరి మూట కట్టుకున్నాను. పని దిగగానే నల్లగొండ పోయే లారీ ఎక్కి, అక్కడ తెలిసినవాళ్ళ ఇంట్లో పడుకుని, తెల్లారి బస్సులో చిట్యాలలో దిగి ఊరికి నడిచాను.

తొలకరి పడి నాలుగు రోజులైనట్టుంది, చేలగట్లన్నీ పచ్చబడ్డాయి. ఊరు ఇంకా కనబడకముందే మా మంద అరుపు వినపడింది. పచ్చిగడ్డి వాసన తగులుతుంటే దొడ్డిలో నిలబడి అరుస్తున్నాయి. అమ్మ కూటానికి బయలుదేరబోతూ గుమ్మంలో ఎదురైంది. చిక్కిపోయింది. శనివారం నీళ్ళన్నీ ఒక్కతే మోసుకుంటోంది కదా.

"మంచిగున్నవా బిడ్డా?" అంది, చేతి సంచి కింద పెట్టకుండానే.

నేను మంచిచెడ్డలు మాట్లాడలేదు. అక్కడే అరుగు మీద కూర్చుని పుస్తకం తీసి, ఆ గొర్రె మాట గట్టిగా చదివాను. చదివి తలెత్తి చూశాను, గెలిచినదాని లాగా.

"గీ మాట నాకెర్క," అంది అమ్మ.

"ఎట్లెర్క?"

"మీ బాపు ఉన్నప్పుడు అయ్యగారు ఓపారి సదివిండు. నాకు యాదికున్నది. నువ్వు వోయినంక ఆయన్ను అడిగిన గూడ. గా మాట ఉన్నది నిజమే, గని గది ఏసు అనొచ్చు, మనం అనొద్దన్నడు. ఒక్క ముడి ఇప్పితే అన్ని ముడులు ఊడుతయన్నడు. అనుకుంట కండ్లల్ల నీళ్ళు వెట్టుకుండు. ఆయనకు గూడ భయమే బిడ్డా."

నా ఒళ్ళు మండిపోయింది. "ఎర్కుండి నాకు వీపు తిప్పి కూసున్నవా?"

"నాకు సదువు రాదు. ఆయన సదివింది నమ్మిన. ఇయ్యాల నువ్వు సదివింది నమ్మాలె. రేపు ఇంకోడొచ్చి ఇంకోటి సదువుతడు. నేనేం జెయ్యాలె చెప్పు?"

అమ్మ అన్నదాంట్లో తప్పేముంది? లారీలో కూర్చుని నేను తెచ్చుకున్న బలమంతా కారిపోయింది. పుస్తకం మూసేసి, నిజం చెప్పాను.

"అమ్మా, ఐతారం నాడు కట్టెలేరుకున్నోన్ని రాళ్ళతోటి కొట్టి సంపిన మాట గూడ ఇండ్లనే ఉన్నది. గది నేను నీకు సదవలే. నాకు కావల్సింది నేను పట్టుకొచ్చిన, అయ్యగారికి కావల్సింది ఆయన పట్టుకుండు. దీన్ని నమ్మాల్నో, కృష్ణల పారెయ్యాల్నో నాకు తెలుస్తలేదు."

అమ్మ సంచి కింద పెట్టి నా పక్కన కూర్చుంది.

"గాయన కట్టెలెందుకు ఏరుకుండు?"

"రాయలే."

"ఎవలన్న అడిగిండ్రా, ఎందుకు ఏరుతున్నవురా అని?"

"లేదు."

"ఇంట్ల పొయ్యి ఎలగలేదేమో. పిల్లలున్నరేమో." పుస్తకం నా ఒళ్ళోకి జరిపింది. "గొర్రె మాట మల్లొకపారి సదువు."

చదివాను. ఆమె కళ్ళు మూసుకుని వింది.

"సూసినవా, ఈయన అడుగుతాండు. మీరు తియ్యరా అని అడుగుతాండు. పట్టుకోని తియ్యమన్నడు, మెడకు తాడేసి గుంజుమనలే. ఎన్నడో ఓనాడు బాయిల దిగినోడే గిట్ల అంటడు." అంటూ నా భుజం మీద, ఆనాడు బొల్లిని మోసిన చోట, చెయ్యి వేసింది. "ఈయన్ను నేను నమ్ముత. గా కట్టెల సంగతి నాకు సమజ్ గాలే. సమజ్ గాంది నమ్మిన్నని నేనెట్లంటనే?"

దొడ్డిలో అరుపు ఇంకా పెరిగింది. అమ్మ అటు చూసింది.

"మీ బాపు దెబ్బలు తిని ఈ దినాన్ని మనకు తెచ్చిండు. గొర్లకు తేలే," అంది. "గొర్రెకు గడ్డి మేసుడే ఇస్రాంతి."

లేచి పోయి, ఆదివారం పూట, తెల్లటి కూటం చీర మీదనే, కంప పట్టుకుని పక్కకు లాగింది. చేతికి ముల్లు దిగితే నోటితో పీకి ఉమ్మేసింది. మంద ఒక్కసారిగా బయట పడింది. లోపల దూలంలో దోపి ఉన్న బాపు చేతికర్రను అమ్మ తీసుకుంది.

ఊళ్ళో ఆ రోజు పెద్ద గందరగోళం. గొర్రెల అరుపు ఆగిపోయేసరికి, సంతకు బయలుదేరిన దుర్గయ్య నడి బజారులో నిలబడి, "ఇయ్యాల ఏ వారం? నేనే తప్పువడ్డనా?" అని అందరినీ అడుగుతున్నాడు. మేము నవ్వు ఆపుకుంటూ దాటి పోయాము.

కుంటకు పోయే దారి కూటం గుడిసె ముందునుంచే. మంద గిట్టల చప్పుడుకు లోపల ప్రార్థన ఆగింది. గుర్వయ్యగారు గుమ్మంలోకి వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. అమ్మను, ఆమె చేతిలోని కర్రను, వెనకున్న నన్ను చూశాడు. ఈ ఒక్క నడకతో అమ్మ కూడా వెలి పడుతుంది.

"అయ్యగారూ, నీళ్ళు తాపుకొస్త," అంది అమ్మ, రోజూ చెప్పే మాటలాగే.

ఆయన మా మంద వైపు చూశాడు, బొల్లి వైపు కూడా. అది ముసలిదైంది, అయినా ముందే నడుస్తోంది, వెనకాల దాని పిల్లలు, పిల్లల పిల్లలు. మేము దాటిపోయాక వెనక్కి చూస్తే, ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. తలుపు మాత్రం వేయలేదు.

కుంట దగ్గర గొర్రెలు కడుపునిండా తాగి గడ్డిలోకి తలలు వంచాయి. ఆదివారం అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు ఆనాడే తెలిసింది. నేను మూట విప్పాను. అలవాటు చొప్పున రెండు రొట్టెలు, కొంచెం తొక్కు అమ్మకు వేరేగా పెట్టి, నావి తీసుకుని అటు తిరిగి కూర్చోబోయాను.

"గటు తిరుగుతవేందే?" అంది అమ్మ. తన రొట్టెలు నా ముందున్న గుడ్డలో వేసి, ఎదురుగా కూర్చుని, నా చేతిలోని రొట్టె తుంచుకుని తొక్కులో అద్ది నోట్లో పెట్టుకుంది. మూడేళ్ళయింది ఆమె నమలడం ఎదురుగా చూసి.

"ఉప్పు సాలలే," అంది.

"నందికొండల గట్లనే తింటరు," అన్నాను. నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

"గందుకే ఎండిపోయినవు." ఇంకో ముక్క తుంచుకుంది. "తిన్నంక గా బుక్కు తియ్యి. మొదటికెల్లి సదువు, ఏదీ ఇడిసిపెట్టకు. కట్టెలోడు వచ్చిన కాడ ఆపు. వాని గురించి మాట్లాడుకుందం."

నేను కుంటలో చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, మొదటి పేజీ తీశాను.